ఎర్ర మేకు

సామాను గది మంగళవారం, శనివారం పొద్దున పదింటికి తెరుస్తారు. పన్నెండింటికి మూసేస్తారు. సేవా సంఘం వాళ్లు చేసే పనులు చాలా ఉన్నాయి. రక్తదానం, కంటి పరీక్షలు, మొక్కలు నాటడం, వాటన్నిటికీ బ్యానరు ఉంటుంది, ఫోటో ఉంటుంది. ఈ గదికి మాత్రం రెండూ లేవు. పద్నాలుగు చక్రాల కుర్చీలు, కొన్ని చేతికర్రలు, నడక స్టాండ్లు, రెండు ఆస్పత్రి మంచాలు. అవసరమున్నవాళ్లు పట్టుకెళతారు, అవసరం తీరాక తెచ్చిస్తారు. అవసరం తీరడమంటే రెండే దారులు. మనిషి లేచి నడవడం ఒకటి, మనిషే లేకపోవడం ఒకటి.

గోడకు ఒక చెక్క పలక ఉంది. దానికి మూడు వరసల మేకులు. ప్రతి కుర్చీకీ నంబరు వేసిన రేకు బిళ్ళ ఒకటి. కుర్చీ గదిలో ఉంటే బిళ్ళ తెల్ల మేకుకు ఉంటుంది. బయటికి వెళితే నల్ల మేకుకు మారుతుంది. చెడిపోతే ఎర్ర మేకుకు. ఆ పలక చేసిందీ, మేకులకు రంగు వేసిందీ పానా బాబాయే. నలభై ఏళ్లు సైకిల్ షాపు నడిపి, గంటల లెక్కన సైకిళ్లు అద్దెకిచ్చిన మనిషి. చేతిలో ఎప్పుడూ పానా ఉండేది గనక ఆ పేరొచ్చింది. షాపు వదిలేసినా పేరు ఆయన్ని వదల్లేదు.

బాగుచేసేది ఆయనే గనక ఎర్ర మేకుల జోలికి ఇంకెవరూ పోరు.

ఆ మంగళవారం ఆయన తొమ్మిదో నంబరు కుర్చీని బోర్లా తిప్పి కూర్చున్నాడు. ముందు చక్రాల్లో ఒకటి పగిలింది. రెండోదాని ఇరుసు విప్పి, సన్న కొక్కెంతో లోపల చుట్టుకున్న చెత్త లాగుతున్నాడు. చక్రాల కుర్చీ ఎక్కడ తిరిగినా ముందు చక్రాల ఇరుసుల్లో వెంట్రుకలూ దారాలూ చుట్టుకుంటాయి. తీయకపోతే చక్రం మొరాయిస్తుంది. అందుకని ఏ కుర్చీ చెయ్యి మారినా ముందు ఆ పని చెయ్యాల్సిందే. ఆ వెంట్రుకలు చూసి ఆ ఇంట్లో పడుచుపిల్ల ఉందా, ముసలావిడ ఉందా, కుక్క ఉందా అన్నది చెప్పగలడు ఆయన.

"ఇవాళైనా ఉందా అన్నా?"

గుమ్మంలో టైలరమ్మ. మెడలో కొలతల టేపు తీయడం మర్చిపోయి వచ్చింది. ఈ గదికి రావడం ఇది మూడోసారి. వరసలో మొదటి పేరు ఆవిడదే.

"కూర్చోమ్మా," అన్నాడు బాబాయి.

"కూర్చోలేనన్నా. ఆయన్ని గోడకి ఆనించి వచ్చా. జారితే సరిచెయ్యమని పక్కింటావిడకి చెప్పా." చేతిమీద అంటిన దారప్పోగు తీసుకుంటూ చెప్పింది. "నిన్న బాత్రూముకి వీపు మీద మోసుకెళ్తుంటే ఇద్దరం పడ్డాం. పడి నవ్వుకున్నాం కూడా. తర్వాత లేపడానికి ఎవరూ లేరని గుర్తొచ్చింది."

ఆవిడ మొగుడు తాపీమేస్త్రీ. పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. మూడు నెలల్లోగా రోజూ ఆస్పత్రికి తీసుకొచ్చి వ్యాయామం చేయిస్తే కాలు వస్తుందని, దాటితే బిగుసుకుపోతుందని డాక్టరు చెప్పాడు. రెండు నెలలు ఇప్పటికే పోయాయి.

"ఆటో ఎక్కించడానికి ఇద్దరు, దించడానికి ఇద్దరు. రోజూ అంతమందిని ఎక్కణ్ణుంచి తేను? ఆస్పత్రి మా వీధి చివరే. కుర్చీ ఉంటే నేనొక్కదాన్నే తోసుకుపోతా." ఆవిడ పలక వైపు చూసింది. "ఎర్ర మేకులకి రెండున్నాయి కదన్నా. అవి ఎప్పటికవుతాయి?"

"తొమ్మిదో దానికి చక్రం రావాలి. వారం, పది రోజులు పట్టొచ్చు."

"రెండోది?"

బాబాయి కొక్కెం తుడుచుకున్నాడు. "దానికి స్పేరు దొరకట్లేదమ్మా."

బల్ల దగ్గర సంఘం కార్యదర్శి టీచరమ్మ ఏదో రాస్తోంది. ఆవిడ కలం ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలింది.

అద్దె సైకిళ్ల రోజుల్లో ఆలస్యానికి జనం చెప్పే కారణాలన్నీ బాబాయికి కంఠతా వచ్చు. తాళం పోయిందనేవాడు, చుట్టాలొచ్చారనేవాడు, పంక్చరైందనేవాడు. పంక్చరైందన్నవాడి మొహం చూసేవాడు కాదు, ముందు టైరు నొక్కి చూసేవాడు. స్పేరు దొరకట్లేదన్న మాట ఇంకొకళ్ల నోట వినివుంటే ఆయన ఆ కుర్చీ టైరు నొక్కి చూసేవాడే.

"ఆరో నంబరు ఎవరి దగ్గరుంది?" అన్నాడు, తనకు తెలిసినా.

"గడియారాల ఆయన దగ్గర," అంది టీచరమ్మ. "భార్య పోయి ఎనిమిది నెలలైంది. రెండు ఉత్తరాలు రాశాం. జవాబు లేదు."

"నేను వెళ్లి తెస్తా. శనివారం రామ్మా, ఆరో నంబరు నీది."

టైలరమ్మ చెయ్యెత్తి దణ్ణం పెట్టబోయి, టేపు చేతికి తగిలి, దాన్ని మడిచి గుప్పిట్లో పెట్టుకుని వెళ్లిపోయింది.

*

మధ్యాహ్నం ఇంటికి వెళ్లి తలుపు తీసేసరికి పద్నాలుగో నంబరు కుర్చీ ముందుగదిలో ఎదురుగా ఉంది. బ్రేకులు వేసి ఉంది. రెండు చక్రాల్లోనూ గాలి నిండుగా ఉంది. దానికి దొరకని స్పేరంటూ ఏదీ లేదు.

బాబాయి భార్య పోయిన పదో రోజున ఆయన సామాను గదికి వెళ్లి, పద్నాలుగో బిళ్ళను నల్ల మేకు మీంచి తీసి ఎర్ర మేకుకు తగిలించాడు. కుర్చీ వెనక్కి వచ్చేసినట్టే, కాస్త బాగుచెయ్యాలి గనక ఇంట్లోనే ఉంచానని టీచరమ్మతో అన్నాడు. పదిహేను రోజుల్లో ఇచ్చేద్దామనే అనుకున్నాడు. పదిహేను రోజులు పద్నాలుగు నెలలైంది.

ఒక్క గ్లాసు టీ పెట్టుకున్నాడు. పాల గిన్నె పెద్దది, పాలు అడుగునే ఉంటాయి, రోజూ మాడుతుంది. చిన్న గిన్నె కొనాలని రోజూ అనుకుంటాడు. పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి, లోపలి పేజీ పైకి వచ్చేలా మడిచి కుర్చీ సీటు మీద పెట్టాడు. ఆవిడ ముందు చదివేది ఆ పేజీనే. రేపు పొద్దున ఆ పేపరు తీసి మూలనున్న కట్టలో పడేస్తాడు, కొత్త పేపరు చదివి ఆ చోట పెడతాడు. ఎవరైనా చూస్తే పేపరు పెట్టుకోవడానికి చోటు లేక అక్కడ పెట్టాడనుకుంటారు. చూడ్డానికి ఆ ఇంటికి ఎవరూ రారు.

*

బుధవారం మూడున్నరకి గడియారాల ఆయన ఇంటి తలుపు తట్టాడు.

ముందుగదే ఆయన కొట్టు. కిటికీ పక్కన బల్ల, బల్లమీద విప్పిన గడియారాలు, గాజుమూతల గుండ్రటి డబ్బీల్లో సన్నసన్న పళ్లచక్రాలు. ఆయన కంటికి పెట్టుకున్న భూతద్దం తీసి, వచ్చింది ఎవరో చూసి, మళ్లీ పెట్టుకున్నాడు.

"ఉత్తరాలు అందాయి. మూడో ఉత్తరం మనిషి రూపంలో వస్తుందనుకుంటూనే ఉన్నా."

"మంచిదే. చదివే శ్రమ తప్పింది," అన్నాడు బాబాయి.

"కూర్చోండి బాబాయిగారూ. నాకంటే చిన్నవారే అయినా ఊరంతా అలాగే పిలుస్తోంది, నేనొక్కణ్ణే వేరేగా పిలిస్తే బాగోదు."

కుర్చీ గది మూల ఉంది. మీద దుప్పటి లేదు, బట్టలు లేవు. బాబాయి అలవాటుగా వంగి టైరు నొక్కి చూశాడు. బ్రేకు వేసి తీసి చూశాడు. ముందు చక్రాన్ని వేలితో తిప్పితే అది చాలాసేపు చప్పుడు లేకుండా తిరిగింది. అద్దెకిచ్చిన వస్తువు ఇంత బాగా తిరిగి రావడం నలభై ఏళ్లలో ఆయన చూడలేదు.

"ఇరుసు శుభ్రం చేశారే."

"పట్టకారు నా పనిముట్టే కదండీ. ఓ రోజు చక్రం బిగుసుకుంటే విప్పా. మొత్తం ఆవిడ జుట్టే." ఆయన ఒక డబ్బీ వైపు చూశాడు. మిగతావాటి పక్కనే ఉంది గానీ, దాని గాజుమూత కింద ఉన్నవి చక్రాలు కావు. "పారెయ్యలేదు లెండి."

బాబాయి నిలబడ్డాడు. వచ్చిన పని వచ్చినట్టు చెప్పేశాడు. తాపీమేస్త్రీ, వీపు మీద మొయ్యడం, ఇద్దరూ పడడం, మిగిలున్న ఒక్క నెల. వసూలుకి వెళ్లినవాడు ఎదుటివాడి కష్టం వినకముందే ఇంకొకడి కష్టం చెప్పెయ్యాలి. అది వ్యాపారంలో ఆయన నేర్చుకున్నదే.

గడియారాల ఆయన భూతద్దం తీసి బల్లమీద పెట్టాడు.

"రోజూ నాలుగింటికి దాన్ని కిటికీ దగ్గరికి జరుపుతాను. ఎదురుగా బడి వదిలే టైము. ఆవిడ చూసేది. ఇప్పుడు చూసేవాళ్లు లేరని తెలుసు, నాకేం మతి పోలేదు. కానీ నాలుగయ్యేసరికి చెయ్యి ఊరుకోదు." కాస్త ఆగి, "మీ ఇంట్లో చెల్లెమ్మగారికీ సంఘం కుర్చీయే కదా. మీరు ఎన్నాళ్లకి ఇచ్చేశారు?" అన్నాడు.

ఎత్తిపొడుపు కాదు. బిగుసుకున్న మూత ఎలా తియ్యాలో తెలిసినవాణ్ణి అడిగినట్టు అడిగాడు.

బాబాయికి నిజం నాలుక చివరిదాకా వచ్చింది. అది చెబితే ఈ కుర్చీ ఇక్కణ్ణుంచి కదలదు. అడిగే హక్కూ ఉండదు.

"పదో రోజునే," అన్నాడు.

"పదో రోజునే." గడియారాల ఆయన తలూపాడు. "గట్టివారండీ. నావల్ల కాలేదు." లేచి, కుర్చీ వెనక సంచిలోంచి కళ్లజోడు డబ్బా ఒకటి తీసుకుని, సీటు చేత్తో దులిపి, గుమ్మం దాకా తనే తోసుకొచ్చాడు. మెట్టు దగ్గర వెనక్కి తిప్పి, పెద్ద చక్రాలు ముందుగా జాగ్రత్తగా దించాడు, కుర్చీలో మనిషి ఉన్నట్టే. బాబాయి పిడులు అందుకున్నాడు. వీధి మలుపు తిరిగేటప్పుడు బడి గంట వినపడింది. ఆయన వెనక్కి చూడలేదు.

ఖాళీ కుర్చీ తోసుకుంటూ నడుస్తుంటే జనం ముందు కుర్చీని చూసి, తర్వాత ఆయన్ని చూసి, దారి ఇచ్చారు. సంఘం గది తాళం తీసి కుర్చీ లోపల పెట్టి, ఆరో బిళ్ళను తెల్ల మేకుకు మార్చాడు. గెలిచి వచ్చినట్టు లేదు. సైకిల్ తేలేదని ఒకడి చెప్పులు గుంజుకొచ్చిన రోజు ఒకటుంది ఆయన కుర్రతనంలో. అది గుర్తొచ్చింది.

*

శనివారం ఆయన పది నిమిషాలు ముందే వచ్చాడు. ఆరో బిళ్ళ నల్ల మేకుకు ఉంది.

"ఎవరు తీసుకెళ్లారు?"

టీచరమ్మ తలెత్తలేదు. "నిన్న సాయంత్రం అధ్యక్షులుగారు మనిషిని పంపి తెప్పించుకున్నారు. మన కంటి క్యాంపుల డాక్టరుగారి అత్తగారికి మోకాలి ఆపరేషనట. నాకూ పొద్దున్నే తెలిసింది."

అధ్యక్షుడిది ఎదురుగానే ఫర్నిచర్ షాపు. బాబాయి రోడ్డు దాటి వెళ్లేసరికి ఆయన ఒక సోఫాకు కవరు తొడిగిస్తున్నాడు.

"రా బాబాయ్. ఆరో నంబరు భలే ఉందట. కొత్తదానిలా తిరుగుతోందని డాక్టరుగారు మెచ్చుకున్నారు."

"అది తాపీమేస్త్రీకని తెచ్చాను. వరసలో మొదటి పేరు వాళ్లది."

"తెలుసు. కానీ డాక్టరు మన కంటి క్యాంపులన్నిటికీ ఊరికే వస్తాడు. నెల రోజుల కోసం నోరు తెరిచి అడిగాడు. కాదంటానా?"

"టైలరమ్మకి మిగిలింది ఆ నెల రోజులే. డాక్టరు కొనుక్కోగలడు. ఆవిడ కొనుక్కోలేదు."

"అదీ నిజమే," అన్నాడు అధ్యక్షుడు, తప్పించుకునే మనిషిలా కాకుండా మామూలుగా. "అయితే ఓ మాట చెప్పు. ఎర్ర మేకులకి రెండు వేలాడుతున్నాయి. ఆ పద్నాలుగోది ఏడాది దాటింది. దానికేమైందని నేనెప్పుడైనా అడిగానా? నీ పని నీకు తెలుసని ఊరుకున్నా. అది ఒక్కటి బాగుచేసిస్తే ఈ తగవే లేదు కదా."

ఎదుటివాడు అన్యాయం చేశాడు, సందేహం లేదు. కానీ ఆ అన్యాయాన్ని నిలబెట్టిన మేకు తను కొట్టిందే. బేరంలో ఇంత శుభ్రంగా ఓడిపోయిన రోజు ఇంకొకటి లేదు ఆయనకి.

తిరిగొచ్చేసరికి టైలరమ్మ గుమ్మం పక్కన నిలబడి ఉంది. ఈసారి టేపు లేదు, తల నున్నగా దువ్వుకుంది. కుర్చీ తోసుకుపోదామని పక్కింటావిణ్ణి కూడా వెంట తెచ్చుకుంది. టైలరమ్మ అప్పటికే పలక చూసింది.

"పోయిందా అన్నా?" అంది.

కోపంగా అనివుంటే నయంగా ఉండేది.

బాబాయి పలక దగ్గరికి వెళ్లాడు. ఎర్ర మేకు మీంచి పద్నాలుగో బిళ్ళ తీశాడు. పద్నాలుగు నెలలు కదలని బిళ్ళ, అయినా దాని మీద దుమ్ము లేదు. ఆయన దాన్ని తిప్పి చూశాడు.

"వారం వారం నేనే తుడుస్తున్నాను బాబాయిగారూ," అంది టీచరమ్మ మెల్లిగా, రాసుకుంటూనే.

ఆయన బిళ్ళను నల్ల మేకుకు తగిలించాడు. "రేపు పొద్దున మీ ఇంటికే తెచ్చిస్తానమ్మా," అన్నాడు టైలరమ్మతో. "ఇంటి గుర్తు చెప్పు."

*

ఆదివారం పొద్దున పేపరు చదవలేదు. సీటు మీద ఉన్న నిన్నటి పేపరు తీసి నేలమీద పరిచి, కుర్చీని దాని మీద బోర్లా తిప్పాడు. పెద్ద చక్రాలు చూశాడు, బ్రేకు తీగ చూశాడు, పాదాల పలకల బోల్టులు బిగించాడు. చూడాల్సినవన్నీ చూసేశాడు. ఇక మిగిలినవి ముందు చక్రాలు.

ఇన్నాళ్లలో ఆయన వాటి జోలికి పోలేదు. పానా పెట్టి తిప్పితే బోల్టు మొదట కదల్లేదు, తర్వాత ఒక్కసారిగా వదిలింది. కొక్కెం లోపలికి పెట్టి లాగాడు. దారం కొంచెం, ఆవిడ నీలం చీర అంచుది. తర్వాత వెంట్రుకలు. ఒక చివర తెల్లగా, సగం నుంచి గోరింట రంగుతో, ఇరుసు చుట్టూ దారపుకండెలా బిగుసుకుని ఉన్నాయి. కోస్తే ఒక్క నిమిషం పని. ఆయన కొయ్యలేదు. ఒక్కొక్కటే చివర దొరకబుచ్చుకుని విప్పుతూ కూర్చున్నాడు. రెండో చక్రానికీ అంతే. మోకాళ్లు పట్టేశాయి. కిటికీలోంచి పడ్డ ఎండ ముంగిట్లోకి జరిగిపోయింది.

అయ్యాక చక్రాన్ని వేలితో తిప్పాడు. చప్పుడు లేకుండా తిరిగింది.

చేతిలో ఉన్న చిన్న ముద్దను ఎక్కడ వెయ్యాలో తెలియలేదు. చెత్తడబ్బా దాకా వెళ్లి వచ్చాడు. పేపరు మూల చింపి, అందులో మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

టైలరమ్మ ఇల్లు ఒకటే గది. కుట్టుమిషను, పక్కన చాప, చాపమీద గోడకు ఆనుకుని మేస్త్రీ. చేతులు వయసుకు మించి పెద్దవిగా ఉన్నాయి. బాబాయి కుర్చీని చాప పక్కకు తెచ్చి, బ్రేకులు రెండూ వేసి, పాదాల పలకలు పైకి మడిచి, ఎటువైపు నుంచి ఎలా ఎత్తాలో టైలరమ్మకు రెండుసార్లు చేసి చూపించాడు. మూడోసారి ఆవిడే చేసింది. మేస్త్రీ కూర్చున్నాక కుడిచేత్తో చక్రాన్ని తడిమి, గోడ కట్టేవాడు తాడు చూసినట్టు ఒక కన్ను మూసి, రెండు చక్రాలూ వరసగా ఉన్నాయో లేదో చూశాడు.

"తూకంగా ఉంది," అన్నాడు, సగం నోటితో.

"మొత్తానికి స్పేరు దొరికిందా అన్నా?" అంది టైలరమ్మ. "ఏం పోయింది దీనికి?"

"దీనికేం పోలేదమ్మా," అన్నాడు బాబాయి. అంతకంటే ఏం చెప్పాలో తోచలేదు. చెప్పులు వేసుకుని బయటికొచ్చాక వెనక నుంచి చక్రాలు గడప దిగిన చప్పుడు వినిపించింది. ఆవిడ అప్పుడే ఆస్పత్రి దారి ఒకసారి చూసివద్దామంటోంది.

ఇంటికి పోవాలి. పోతే తలుపు తియ్యాలి. తలుపు తీస్తే ఎదురుగా ఏమీ ఉండదు. ఆయన ఆ వీధీ ఈ వీధీ తిరిగాడు. తెరవని కొట్ల ముందు నిలబడి బోర్డులు చదివాడు. నాలుగు కావస్తుండగా చూసుకుంటే తను గడియారాల ఆయన ఇంటి గుమ్మంలో ఉన్నాడు.

ఆదివారమైనా ఆయన బల్ల దగ్గరే ఉన్నాడు. బాబాయి కూర్చోలేదు.

"మొన్న మీకు అబద్ధం చెప్పాను. పదో రోజు కాదు."

గడియారాల ఆయన భూతద్దం తీశాడు. "మరి?"

"ఇవాళ పొద్దున."

"అంటే ఎన్ని నెలలు?"

"పద్నాలుగు."

ఆయన వేళ్ల మీద లెక్కేసుకున్నాడు. "నాది ఎనిమిది. అయితే నాకింకా ఆరు నెలలు రావాలి మీ నుంచి." నవ్వు వచ్చీ రానట్టు మొహం పెట్టాడు.

గదిలో గడియారాలు ఒకదాని తర్వాత ఒకటి నాలుగు కొట్టాయి, ఏ రెండూ కలవకుండా. ఆదివారం గనక బడి గంట లేదు. గడియారాల ఆయన చెయ్యి మూల వైపు సాగి, ఖాళీలో ఆగి, పక్కనున్న ముక్కాలిపీటను పట్టుకుంది. దాన్ని కిటికీ దగ్గరికి జరిపి, "కూర్చోండి," అన్నాడు.

బాబాయి కూర్చున్నాడు. వంగినప్పుడు జేబులో పేపరు గరగరలాడింది. అందులోంచి ఒక తెల్లటి కొస బయటికొచ్చి ఉంది. ఆయన దాన్ని వేలితో లోపలికి తోసుకున్నాడు.

గడియారాల ఆయన చూశాడు. సొరుగు లాగి, లోపల వెతికి, గాజుమూత ఉన్న గుండ్రటి డబ్బీ ఒకటి తీసి, చొక్కా అంచుతో తుడిచి బల్లమీద ఆయన వైపు జరిపాడు.

"మూత కాస్త బిగువు," అన్నాడు. "తిప్పి తియ్యాలి."